ఐస్కజీ మల్టీపాత్: నాలుగు డిస్కులు కనిపిస్తే నాలుగు దారులు ఉన్నట్టు కాదు

మీరు చెప్పినదాన్ని బట్టి మీ ఐస్కజీ సెటప్, అంటే నెట్‌వర్క్ మీదుగా స్టోరేజ్ డిస్కులను సర్వర్లకు ఇచ్చే ఏర్పాటు, ఇదీ. రాకీ లినక్స్ 9 ఉన్న సర్వర్లు రెండు. రెండు కంట్రోలర్ల స్టోరేజ్ ఒకటి, కంట్రోలర్‌కు రెండేసి 10 గిగాబిట్ పోర్టులు. ఒక్కో సర్వర్‌లో స్టోరేజ్ కోసం విడిగా రెండు నెట్‌వర్క్ పోర్టులు. స్విచ్‌లు రెండు. ఐపీలన్నీ 10.10.50 అనే ఒకే సబ్‌నెట్‌లో ఉన్నాయి: మొదటి సర్వర్‌వి 11, 12, స్టోరేజ్‌వి 101 నుంచి 104. రెండు టెరాబైట్ల లన్ (స్టోరేజ్ నుంచి సర్వర్‌కు డిస్క్‌గా ఇచ్చే భాగం) ఒకటి చేసి రెండు సర్వర్లకూ మ్యాప్ చేశారు. సర్వర్‌లో అది ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ అని నాలుగు డిస్కులుగా కనిపిస్తే, ఎస్‌డీబీ మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ వేసి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టారు. ఒకే డిస్క్‌కు ఉన్న పలు దారులను కలిపి చూసుకునే మల్టీపాత్ కమాండ్ ఏమీ చూపించడం లేదు. ఒక కేబుల్ పీకితే ఏమీ కాలేదు, అది తిరిగి పెట్టి రెండోది పీకితే సర్వర్ రెండు నిమిషాలు బిగుసుకుపోయి చివరికి డేటాబేస్ పడిపోయింది. పైగా రెండో సర్వర్‌లో కూడా అదే లన్ మౌంట్ చేస్తే, మొదటి దాంట్లో రాసిన ఫైళ్ళు అక్కడ కనపడటం లేదని అడిగారు.

మీ ప్రశ్నలో చివర వచ్చిన ఈ విషయంతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే అన్నిటికన్నా అర్జెంట్ అదే. చదువుతున్నది ఆపి, రెండో సర్వర్‌లో ఆ లన్‌ను ఇప్పుడే అన్‌మౌంట్ చేయండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ గానీ ఈఎక్స్‌టీ4 గానీ ఒకేసారి రెండు సర్వర్ల నుంచి వాడటానికి చేసినవి కావు. డిస్క్ తన ఒక్కడి చేతిలోనే ఉందని ప్రతి సర్వర్ అనుకుంటుంది. ఖాళీ బ్లాకుల లెక్క తన మెమరీలో తాను ఉంచుకుంటుంది, పక్క సర్వర్ ఏం రాసిందో దానికి తెలియదు. అందుకే ఫైళ్ళు కనపడలేదు. ఇద్దరూ రాయడం మొదలుపెడితే ఒకరి డేటా మీద ఇంకొకరు రాసేస్తారు. కేవలం చదవడానికే మౌంట్ చేశాను కదా అనుకోవద్దు. రీడ్ ఓన్లీ మౌంట్‌లో కూడా ఎక్స్‌ఎఫ్‌ఎస్ తన లాగ్‌ను రీప్లే చేస్తుంది, అంటే డిస్క్ మీద రాస్తుంది.

అన్‌మౌంట్ అయ్యాక ముందు ఆ సర్వర్ నుంచి నాలుగు డిస్కులనూ తీసేసి (వరుస చివర్లో చెప్పాను), అప్పుడు స్టోరేజ్ మేనేజ్‌మెంట్ స్క్రీన్‌లోకి వెళ్ళి రెండో సర్వర్ మ్యాపింగ్ తీసేయండి. తర్వాత మొదటి సర్వర్‌లోనూ డేటాబేస్ ఆపి, అన్‌మౌంట్ చేసి, ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్‌ను ఏమీ మార్చకుండా చూసి మాత్రమే చెప్పే మోడ్‌లో, అంటే ఎన్ ఆప్షన్‌తో నడపండి. తప్పులు చూపిస్తే వెంటనే రిపేర్‌కు దిగకండి. ముందు స్టోరేజ్‌లో స్నాప్‌షాట్ తీసుకోండి, ఆ తర్వాతే చేయి పెట్టండి. రెండు సర్వర్లకూ నిజంగానే ఒకే డేటా ఒకేసారి కావాలంటే జీఎఫ్‌ఎస్2 లాంటి క్లస్టర్ ఫైల్ సిస్టమ్ కావాలి. మీ అవసరం పోస్ట్‌గ్రెస్ కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదు. రెండో సర్వర్‌కు వేరే లన్ ఇచ్చి పోస్ట్‌గ్రెస్ సొంత రెప్లికేషన్ పెట్టుకోవడమే నా సలహా.

ఇక నాలుగు డిస్కుల సంగతి. అవి నాలుగు కావు, ఒకటే. స్టోరేజ్‌కు నాలుగు పోర్టులు ఉన్నాయి, ప్రతి పోర్టుతో సర్వర్ ఒక్కో సెషన్ (లాగిన్ అయిన కనెక్షన్) పెట్టుకుంది, ప్రతి సెషన్ ద్వారా అదే లన్ మళ్ళీ మళ్ళీ కనిపించింది. నిర్ధారణ కావాలంటే నాలుగింటి మీదా స్కజీ ఐడీ కమాండ్ నడిపి చూడండి. సాధారణంగా 3600తో మొదలయ్యే ఒక పొడవైన నంబర్ వస్తుంది, దాన్నే డబ్ల్యూడబ్ల్యూఐడీ అంటారు. నాలుగింటికీ అక్షరం తేడా లేకుండా అదే నంబర్ వస్తుంది. ఈ నంబర్‌ను బట్టే మల్టీపాత్ వీటిని ఒకే డిస్క్‌గా కలుపుతుంది.

అయితే నాలుగు సెషన్లు ఉన్నాయంటే నాలుగు దారులు ఉన్నట్టేనా? మీ కేబుల్ టెస్టే జవాబు చెప్పింది. ఒక కేబుల్ పీకితే చీమ కుట్టినట్టు కూడా లేదు, ఇంకోటి పీకితే మొత్తం ఆగింది. అంటే నాలుగు సెషన్లూ ఒకే నెట్‌వర్క్ పోర్టు మీద నడుస్తున్నాయి. రెండో పోర్టు మీద లైట్ వెలుగుతోందే తప్ప డేటా పోవడం లేదు.

కారణం ఐస్కజీలో లేదు, మామూలు రౌటింగ్‌లో ఉంది. రెండు పోర్టులూ ఒకే సబ్‌నెట్‌లో ఉంటే, 10.10.50.101కి వెళ్ళడానికి లినక్స్ దగ్గర రెండు రూట్లు ఉంటాయి. మెట్రిక్ తక్కువ ఉన్న రూట్‌నే అది ఎంచుకుంటుంది, ప్రతిసారీ అదే. 102, 103, 104లకూ అంతే. ఆ కేబుల్ పీకినప్పుడు రెండో పోర్టుకు ఎందుకు మారలేదు అంటారా? లింక్ పడిపోయినా ఐపీని, రూట్‌ను తీసేయకుండా అలాగే ఉంచమని నెట్‌వర్క్ మేనేజర్‌కు చెప్పే ప్యాకేజీ ఒకటి రెడ్‌హ్యాట్ కుటుంబం సర్వర్ ఇన్‌స్టాలేషన్లలో ఉంటుంది. మీ దగ్గర జరిగింది చూస్తే అదే ఉన్నట్టుంది. రూట్ అక్కడే ఉంది కాబట్టి కెర్నల్ చచ్చిన పోర్టు మీదకే ప్యాకెట్లు నెడుతూ కూర్చుంది.

దీన్ని కళ్ళతో చూడాలంటే ఐస్కజీ కనెక్షన్లను నడిపే ఐస్కజీఏడీఎం కమాండ్‌ను సెషన్ మోడ్‌లో, క్యాపిటల్ పీ ఆప్షన్‌కు 1 ఇచ్చి నడపండి. ప్రతి సెషన్ కింద ఐఫేస్ ఐపీ అడ్రస్ అని ఒక లైన్ వస్తుంది. అది సర్వర్ వైపు ఏ ఐపీ నుంచి ఆ సెషన్ వెళ్ళిందో చెబుతుంది. మీ దగ్గర నాలుగు సెషన్లకూ ఒకే ఐపీ, 10.10.50.11 గానీ 12 గానీ, కనిపిస్తుంది. ఐస్కజీ సెటప్ ఎవరిదైనా సరే, నేను ముందు చూసేది ఈ ఒక్క లైన్‌నే. మల్టీపాత్ అవుట్‌పుట్ పచ్చగా నాలుగు పాత్‌లు చూపిస్తున్నా, ఈ లైన్‌లో రెండు వేర్వేరు ఐపీలు లేకపోతే ఆ సెటప్‌కు రిడండెన్సీ లేనట్టే.

పరిష్కారం: రెండు సబ్‌నెట్లుగా విడగొట్టండి. సర్వర్ మొదటి పోర్టు, రెండు కంట్రోలర్ల నుంచీ ఒక్కో పోర్టు 10.10.50లో, మొదటి స్విచ్ మీద. సర్వర్ రెండో పోర్టు, రెండు కంట్రోలర్లలో మిగిలిన పోర్టులు 10.10.51లో, రెండో స్విచ్ మీద. ప్రతి స్విచ్‌కూ రెండు కంట్రోలర్లూ తగలాలి, ఇక్కడే చాలామంది తడబడతారు. ఒక కంట్రోలర్ మొత్తాన్ని ఒక స్విచ్‌కు, ఇంకో కంట్రోలర్‌ను ఇంకో స్విచ్‌కు పెడితే, ఒక స్విచ్ పోయినప్పుడు దానితో పాటు ఒక కంట్రోలర్ కూడా సర్వర్‌కు కనపడకుండా పోతుంది. పైన చెప్పినట్టు అడ్డంగా కలిపితే ఒక్కో సర్వర్ పోర్టు నుంచి రెండు కంట్రోలర్లూ అందుతాయి. మొత్తం నాలుగు పాత్‌లు, ఈసారి నిజంగా రెండు కేబుళ్ళ మీద.

ఈ రెండు సబ్‌నెట్లకూ గేట్‌వే అవసరం లేదు, పెట్టకండి. రెండు స్విచ్‌ల మధ్య ఈ వీల్యాన్‌లకు (స్విచ్‌లో విడిగా ఉంచిన ఈ స్టోరేజ్ నెట్‌వర్క్‌లకు) లింక్ కూడా అక్కర్లేదు. రెండు స్విచ్‌లను స్టాక్ చేసి ఒకటిగా వాడే అలవాటు ఉంటుంది చాలా చోట్ల. స్టోరేజ్ ట్రాఫిక్‌కు నేను దాన్ని ఒప్పుకోను. చాలా స్టాక్‌లలో ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ చేసిన రోజు రెండు స్విచ్‌లూ కలిసి రీబూట్ అవుతాయి, అప్పుడు రెండు దారులూ ఒకేసారి పోతాయి. అలాగే రెండు స్విచ్‌ల కరెంటూ ఒకే యూపీఎస్ నుంచి, ఒకే పవర్ స్ట్రిప్ నుంచి వస్తోందేమో ఒకసారి ర్యాక్ వెనక్కి వెళ్ళి చూడండి.

రెండు పోర్టులనూ కలిపి బాండ్ చేస్తే పోదా అని ఎవరైనా సలహా ఇస్తారు. ఇవ్వనివ్వండి, చేయకండి. లింక్ అగ్రిగేషన్‌లో ఒక టీసీపీ కనెక్షన్ ఒక కేబుల్ మీదే వెళ్తుంది కాబట్టి ఆ సెషన్‌కు స్పీడ్ రెట్టింపు కాదు. పైగా దారి తెగిన సంగతి మల్టీపాత్‌కు తెలియకుండా బాండ్ మధ్యలో అడ్డు నిలుస్తుంది. ఐస్కజీకి దారులు చూసుకునే పని మల్టీపాత్‌దే, దాని పని దాన్ని చేయనివ్వాలి.

కొన్ని స్టోరేజ్‌లు మాత్రం ఒకే సబ్‌నెట్‌లోనే పెట్టమంటాయి. డెల్ ఈక్వల్‌లాజిక్ అలాంటిదే. దాంట్లో గ్రూప్ ఐపీ ఒకటి ఉంటుంది, పోర్టులన్నీ అదే సబ్‌నెట్‌లో ఉండాలి. అలాంటప్పుడు ఐస్కజీఏడీఎంలో ఐఫేస్ మోడ్‌తో ప్రతి నెట్‌వర్క్ పోర్టుకూ ఒక ఐఫేస్ రికార్డు తయారుచేసి, దాన్ని ఆ పోర్టు పేరుకు కట్టేయాలి. ఇది చేసినా ఇంకో చిక్కు ఉంది. ఒక పోర్టు ఐపీ కోసం వచ్చిన ఏఆర్‌పీ ప్రశ్నకు (ఈ ఐపీ ఎవరిదని అడిగేది) లినక్స్ ఇంకో పోర్టు నుంచి కూడా జవాబిచ్చేస్తుంది. దానికి ఏఆర్‌పీ ఇగ్నోర్ 1కి, ఏఆర్‌పీ అనౌన్స్ 2కి మార్చాలి. జవాబు ప్యాకెట్లను కెర్నల్ పారేయకుండా ఆర్‌పీ ఫిల్టర్‌ను కూడా 2కి, అంటే లూజ్ మోడ్‌కి పెట్టాలి. ఇవన్నీ సిస్‌కంట్రోల్ ఫైల్‌లో ఉండాలి, లేకపోతే రీబూట్‌తో పోతాయి. మీ స్టోరేజ్ రెండు సబ్‌నెట్లు ఒప్పుకుంటుంది కాబట్టి ఈ తలనొప్పి మీకు వద్దు.

జంబో ఫ్రేమ్స్ గురించి అడగలేదు గానీ చెప్పాలి. ఎంటీయూను, అంటే ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజును, 9000 పెడితే సర్వర్, స్విచ్, స్టోరేజ్ మూడు చోట్లా పెట్టాలి. ఒక్కచోట మర్చిపోయినా లాగిన్ అవుతుంది, లన్ కనిపిస్తుంది, చిన్న ఫైళ్ళు కూడా వెళ్తాయి, ఎందుకంటే అవన్నీ చిన్న ప్యాకెట్లు. పెద్ద కాపీ మొదలవ్వగానే బిగుసుకుపోతుంది, అప్పుడు స్టోరేజే చెడిపోయిందని అందరూ దాని మీద పడతారు. పరీక్ష సులువు: ముక్కలు చేయొద్దని చెప్పి, సైజు 8972 ఇచ్చి, సర్వర్ నుంచి ప్రతి స్టోరేజ్ ఐపీకీ పింగ్ చేయండి. ఐపీ హెడర్‌కు 20, ఐసీఎంపీకి 8 కలిపితే 9000 అవుతుంది. సర్వర్ ప్రతి పోర్టు నుంచీ దాని సబ్‌నెట్‌లోని రెండు స్టోరేజ్ ఐపీలకూ, మొత్తం నాలుగింటికీ, జవాబు వస్తేనే ముందుకెళ్ళండి. ఏదైనా స్విచ్ మీద నమ్మకం లేకపోతే 1500 మీదే ఉంచేయండి, మీ డేటాబేస్‌కు అంతగా తేడా తెలియదు.

సబ్‌నెట్లు మార్చాక పాత సెషన్లన్నీ లాగౌట్ చేసి, పాత నోడ్ రికార్డులు (సర్వర్ దాచుకున్న లాగిన్ వివరాలు) తీసేసి, కొత్తగా డిస్కవరీ చేయండి. డిస్కవరీ 3260 పోర్టు మీద ఒక్క స్టోరేజ్ ఐపీని అడిగితే చాలు, తన దగ్గరున్న పోర్టల్స్ (లాగిన్ కావాల్సిన ఐపీ, పోర్టు జతలు) అన్నిటి జాబితా అది ఇస్తుంది. ఆ జాబితాను కళ్ళు తెరిచి చదవండి. సర్వర్‌కు అందని పోర్టల్స్, వాడని ఐపీవీ6 అడ్రస్‌లు కూడా కొన్నిసార్లు దాంట్లో వచ్చేస్తాయి. వాటిని అలాగే వదిలేస్తే సర్వర్ బూట్ అయిన ప్రతిసారీ వాటికి లాగిన్ కావాలని ప్రయత్నిస్తూ నిమిషాలు తినేస్తుంది. అందని వాటి రికార్డులు ఒక్కొక్కటిగా డిలీట్ చేయండి.

ఇనిషియేటర్ నేమ్ ఫైలు, అంటే స్టోరేజ్‌కు సర్వర్ చెప్పుకునే పేరున్న ఫైలు, కూడా ఈ దశలోనే రెండు సర్వర్లలో తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి. ఐక్యూఎన్‌తో మొదలయ్యే ఆ పేరు రెండింట్లో వేరుగా ఉండి తీరాలి. ఒక సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేసి దాని ఇమేజ్ నుంచి రెండోది తయారుచేస్తే పేరు కూడా కాపీ అయిపోతుంది. అప్పుడు స్టోరేజ్ దృష్టిలో ఇద్దరూ ఒక్కరే. ఒకరికి ఇచ్చిన లన్ ఇద్దరికీ కనిపిస్తుంది, ఒకరు లాగిన్ అయితే ఇంకొకరి సెషన్ తెగిపోతూ ఉంటుంది. మీరు కావాలనే రెండు సర్వర్లకూ మ్యాప్ చేశారు కాబట్టి మీ సమస్య ఇది కాకపోవచ్చు, కానీ చూసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. పేరు మార్చితే ఐస్కజీడీ సర్వీస్‌ను రీస్టార్ట్ చేసి, స్టోరేజ్‌లో హోస్ట్ పేరు కూడా మార్చాలి.

చాప్ పాస్‌వర్డ్ పెట్టడం మంచిదే. అయితే అది లాగిన్ వరకే, వైర్ మీద వెళ్ళే డేటాను దాచదు. అందుకే ఈ వీల్యాన్‌లోకి ఆఫీస్ ట్రాఫిక్ ఏదీ రాకుండా చూడటం చాప్ కన్నా ముఖ్యం.

ఇప్పుడు మల్టీపాత్. మీకు ఏమీ కనపడకపోవడానికి రెండు కారణాలు. మొదటిది, మల్టీపాత్ కాన్ఫ్ ఫైలే లేదు. అది లేకపోతే రెడ్‌హ్యాట్ కుటుంబంలో మల్టీపాత్‌డీ సర్వీస్ స్టార్టే అవ్వదు. ఎంపాత్‌కాన్ఫ్ కమాండ్‌కు ఎనేబుల్ ఆప్షన్ ఇస్తే ఫైల్ తయారవుతుంది, మల్టీపాత్‌డీతో కలిపి స్టార్ట్ చేయమని కూడా అదే కమాండ్‌లో చెప్పొచ్చు. రెండోది, ఎస్‌డీబీ నేరుగా మౌంట్ అయి ఉంది. వాడుకలో ఉన్న డిస్క్‌ను మల్టీపాత్ తన కిందకు తీసుకోలేదు. డివైస్ బిజీ అని లాగ్‌లో రాసి ఊరుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ ఆపి, అన్‌మౌంట్ చేశాక మల్టీపాత్‌డీని రీస్టార్ట్ చేయండి, ఎంపాత్‌ఏ అని ఒక డివైస్ వస్తుంది.

మీరు టెన్షన్ పడుతున్న విషయం ఒకటుంది: మళ్ళీ ఫార్మాట్ చేయాలా అని. అక్కర్లేదు. ఎస్‌డీబీ మీద వేసిన ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఎంపాత్‌ఏ మీద అలాగే ఉంటుంది, ఎందుకంటే లోపలున్న లన్ అదే. ఎంపాత్‌ఏను పాత చోటే మౌంట్ చేస్తే డేటా మొత్తం దొరుకుతుంది. ఇక ముందు ఎస్‌డీబీ, ఎస్‌డీసీ పేర్లను దేనికీ వాడకండి, ఒక్క చిన్న పరీక్షకు కూడా. అవి రీబూట్ అయితే మారిపోయే పేర్లు.

కాన్ఫ్ ఫైల్‌లో ఏం రాయాలన్నది చాలామందికి పెద్ద దిగులు. ఎక్కడో దొరికిన పేజీలోంచి వంద లైన్లు తెచ్చి అతికిస్తారు. నిజానికి పేరున్న స్టోరేజ్‌లు చాలావాటికి సరైన సెట్టింగులు మల్టీపాత్ ప్రోగ్రామ్‌లోనే ఉన్నాయి. మల్టీపాత్‌డీని షో కన్ఫిగ్ అని అడిగితే మొత్తం కనిపిస్తుంది, మీ స్టోరేజ్ పేరు దాంట్లో వెతకండి. ఉంటే ముట్టుకోకండి. లేకపోతేనే తయారీదారు హోస్ట్ గైడ్‌లో, మీ ఓఎస్ వెర్షన్‌కు ఇచ్చినవి రాయండి. పాత వెర్షన్‌కు రాసిన గైడ్ పట్టుకుంటే మొదటికే మోసం వస్తుంది. మీరు తప్పకుండా రాయాల్సినవి రెండే: సర్వర్ లోపలి డిస్క్‌ను మల్టీపాత్ పట్టుకోకుండా బ్లాక్‌లిస్ట్, ఆ లన్ డబ్ల్యూడబ్ల్యూఐడీకి ఒక అలియాస్. ఎంపాత్‌ఏ అన్న పేరు కన్నా పీజీడేటా లాంటి పేరు ఉంటే, అర్ధరాత్రి నిద్రకళ్ళతో చూసే మనిషికి ఏది ఏమిటో తెలుస్తుంది.

మల్టీపాత్ కమాండ్‌ను రెండు ఎల్‌లతో నడిపితే వచ్చే అవుట్‌పుట్‌ను ఇలా చదవాలి. పై లైన్‌లో పేరు, డబ్ల్యూడబ్ల్యూఐడీ. దాని కింద సైజు, హార్డ్‌వేర్ హ్యాండ్లర్ 1 అలువా అని (ఏ కంట్రోలర్ దారి మేలో స్టోరేజే చెప్పే పద్ధతి అలువా). తర్వాత రెండు గుంపులు. మొదటి గుంపుకు ప్రయారిటీ 50, స్టేటస్ యాక్టివ్. దాని కింద రెండు డిస్కులు. రెండో గుంపుకు ప్రయారిటీ 10, స్టేటస్ ఎనేబుల్డ్. దాని కింద మిగిలిన రెండు. ఇది సరిగ్గా ఉన్న పరిస్థితే. ఆ లన్ ఏ కంట్రోలర్ సొంతమో దాని రెండు పోర్టులు మొదటి గుంపులో ఉంటాయి, ట్రాఫిక్ వాటి మీదే పోతుంది. రెండో కంట్రోలర్ దారులు అవసరానికి సిద్ధంగా ఉంటాయి. నాలుగింటినీ ఒకే గుంపులో వేసి స్పీడ్ పెంచుదామని పాత్ గ్రూపింగ్‌ను మల్టీబస్‌కు మార్చేవాళ్ళున్నారు. అలువా స్టోరేజ్‌తో అలా చేస్తే సగం ట్రాఫిక్ పరాయి కంట్రోలర్ ద్వారా చుట్టు తిరిగి వెళ్తుంది, స్పీడ్ తగ్గుతుంది. గ్రూప్ బై ప్రయో అనే దాన్ని అలాగే ఉండనివ్వండి. ఒక చిన్న పరీక్ష: మొదటి గుంపులోని రెండు డిస్కులు సర్వర్ వైపు రెండు వేర్వేరు ఐపీల నుంచి వచ్చాయా లేదా చూడండి. సెషన్ అవుట్‌పుట్‌ను 3 డీటెయిల్‌తో తీస్తే ఏ ఎస్‌డీ ఏ సెషన్‌దో తెలుస్తుంది.

ఆ రెండు నిమిషాల సంగతి ఇప్పుడు చెబుతాను. ఇది అర్థమైతే మిగతావన్నీ అర్థమైనట్టే.

దారి తెగిందని ఐస్కజీకి వెంటనే తెలియదు. అవతలి వైపు ఉన్నావా అని 5 సెకన్లకోసారి నాప్ అవుట్ అనే పలకరింపు పంపుతుంది, ఇంకో 5 సెకన్లు జవాబు కోసం చూస్తుంది. రాకపోతే కనెక్షన్ పోయిందని తేల్చుకుని, మళ్ళీ కలవడానికి ప్రయత్నిస్తుంది. ఎంతసేపు? రీప్లేస్‌మెంట్ టైమౌట్ అనే సెట్టింగ్‌లో రాసి ఉన్నంతసేపు. దాని డీఫాల్ట్ 120 సెకన్లు. అంతవరకు ఆ డిస్క్‌కు పంపిన రీడ్‌లు, రైట్‌లు అన్నీ క్యూలో ఆగి ఉంటాయి. గడువు దాటాకే ఎర్రర్ పైకి వెళ్తుంది. మీ కెర్నల్ లాగ్ తెరవండి: మొదట పింగ్ టైమౌట్ అని, దాదాపు రెండు నిమిషాల తర్వాత సెషన్ రికవరీ 120 సెకన్లకు టైమౌట్ అయిందని రెండు లైన్లు ఉంటాయి. ఆ ఎర్రర్ రాగానే ఎక్స్‌ఎఫ్‌ఎస్ తనను తాను మూసేసుకుంది. పోస్ట్‌గ్రెస్ కూడా పానిక్ అయి ఆగింది. 2019 ఫిబ్రవరిలో వచ్చిన వెర్షన్ల నుంచి ఎఫ్‌సింక్ (డేటా డిస్క్ మీద పడిందని ఖాయం చేసుకునే కాల్) ఫెయిలైతే మళ్ళీ ప్రయత్నించకుండా ఆగిపోవడమే పోస్ట్‌గ్రెస్ డీఫాల్ట్. డేటా కాపాడటానికి అదే సరైన పద్ధతి.

120 అన్నది చెడ్డ అంకె కాదు. దారి ఒక్కటే ఉన్నప్పుడు తొందరపడి ఎర్రర్ ఇవ్వడం కన్నా ఆగి చూడటమే మేలు. పక్కన ఇంకో దారి ఉన్నప్పుడు మాత్రం అంతసేపు ఆగడంలో అర్థం లేదు. మల్టీపాత్‌డీ నడుస్తుంటే తన ఫాస్ట్ ఐఓ ఫెయిల్ సెట్టింగ్ ప్రకారం, అంటే డీఫాల్ట్‌గా 5 సెకన్లకు, ఈ గడువును అదే తగ్గిస్తుంది. అయినా ఐస్కజీడీ కాన్ఫ్‌లో కూడా 5 పెట్టండి. ఇక్కడో గుంట ఉంది, జాగ్రత్త. కాన్ఫ్ ఫైల్ మార్చితే ఆ తర్వాత డిస్కవర్ చేసిన వాటికే అది వర్తిస్తుంది. ముందే ఉన్న నోడ్ రికార్డుల్లో పాత 120 అలాగే ఉండిపోతుంది. వాటిని ఐస్కజీఏడీఎం నోడ్ మోడ్‌లో అప్‌డేట్ చేసి, లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ కావాలి. ఏది నిజంగా అమల్లో ఉందో కెర్నల్‌నే అడగండి: సిస్ కింద క్లాస్‌లో ఐస్కజీ సెషన్ ఫోల్డర్‌లో ప్రతి సెషన్‌కూ రికవరీ టీఎంఓ అనే ఫైల్ ఉంటుంది. దాంట్లో ఏ అంకె ఉందో అదే లెక్క, కాన్ఫ్ ఫైల్‌లో మీరు ఏం రాసినా సరే.

అప్పుడు లెక్క ఇలా మారుతుంది. తెగినట్టు తెలియడానికి 10 సెకన్ల దాకా, గడువు 5 సెకన్లు. మొత్తం 15 సెకన్ల లోపు మల్టీపాత్ ఇంకో దారికి మారుతుంది. పోస్ట్‌గ్రెస్‌కు అంతసేపు డిస్క్ నెమ్మదించినట్టు అనిపిస్తుందే గానీ ఎర్రర్ రాదు.

దారులన్నీ ఒకేసారి పోతే ఏం చేయాలన్నది నో పాత్ రీట్రై చెబుతుంది. ఫెయిల్ అని పెడితే వెంటనే ఎర్రర్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ మళ్ళీ మూతపడుతుంది. క్యూ అని పెడితే ఎప్పటికీ ఎదురుచూస్తుంది. స్టోరేజ్ తిరిగి రాకపోతే ఆ ప్రాసెస్‌లు డీ స్టేట్‌లో, అంటే డిస్క్ జవాబు కోసం కదలకుండా, ఇరుక్కుపోతాయి, కిల్ 9 కూడా పనిచేయదు, రీబూట్ కూడా మధ్యలో ఆగిపోతుంది. అందుకే అంకె పెట్టడం నాకిష్టం. పోలింగ్ ఇంటర్వల్ 5 సెకన్లయితే, 12 అని పెడితే సుమారు ఒక నిమిషం ఆగుతుంది. మీ స్టోరేజ్ ఒక కంట్రోలర్ నుంచి ఇంకో కంట్రోలర్‌కు పని అప్పజెప్పడానికి ఎంతసేపు తీసుకుంటుందో చూసి, దానికన్నా కాస్త ఎక్కువ వచ్చేలా అంకె వేయండి. ఒకవేళ క్యూ సెట్టింగ్‌తోనే ఇరుక్కుపోతే, మల్టీపాత్‌డీకి ఆ మ్యాప్ మీద డిజేబుల్ క్యూయింగ్ కమాండ్ ఇస్తే ఆగిన ప్రాసెస్‌లు ఎర్రర్‌తో బయటపడతాయి.

బూట్‌లో ఏది ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో మ్యాపర్ కింద ఉన్న మీ అలియాస్ పేరుతోనే రాయండి, అండర్‌స్కోర్ నెట్‌డెవ్ ఆప్షన్ మర్చిపోవద్దు. మ్యాపర్ పేరు చూసి అది నెట్‌వర్క్ మీద ఉందని సిస్టమ్‌డీ కనిపెట్టలేదు. ఆ ఆప్షన్ లేకపోతే నెట్‌వర్క్ రాకముందే మౌంట్ చేయబోయి బూట్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగుతుంది. పోస్ట్‌గ్రెస్ సర్వీస్ కూడా ఆ మౌంట్ అయ్యాకే స్టార్ట్ కావాలని దాని యూనిట్‌లో రాయండి, లేకపోతే ఖాళీ ఫోల్డర్ చూసి ఫెయిల్ అవుతుంది.

ఇక పరీక్ష. దీన్ని లైవ్‌కు వెళ్ళకముందే, డేటాబేస్ ఆపి చేయండి. ఆ డిస్క్ మీద ఒక ఫైల్‌లోకి సెకనుకోసారి టైమ్ రాసి సింక్ చేసే చిన్న షెల్ లూప్ మొదలుపెట్టండి. ఒక కేబుల్ పీకండి. కాసేపాగి ఫైల్ తెరిచి చూడండి. వరుసగా సెకను సెకనుకూ ఉన్న టైమ్‌లలో ఒకచోట గ్యాప్ ఉంటుంది, ఉదాహరణకు 20వ సెకను తర్వాత నేరుగా 33వ సెకను. ఆ గ్యాపే మీ సర్వర్ దారి మారడానికి తీసుకున్న సమయం. 15 లోపు ఉంటే సరే. 120 దగ్గర ఉంటే నోడ్ రికార్డులు అప్‌డేట్ కాలేదు, వెనక్కి వెళ్ళండి.

కేబుల్ తిరిగి పెట్టాక వెంటనే రెండోది పీకకండి. మల్టీపాత్‌లో నాలుగు పాత్‌లూ యాక్టివ్ రెడీ రన్నింగ్ అని వచ్చేదాకా ఆగండి, అప్పుడే రెండోది. తర్వాత లింక్ లైట్ వెలుగుతూనే ఉండి ప్యాకెట్లు మాత్రం పోకుండా పరీక్షించండి. సర్వర్ ఫైర్‌వాల్‌లో ఒక స్టోరేజ్ ఐపీకి వెళ్ళే ప్యాకెట్లను నిశ్శబ్దంగా పారేయమంటే చాలు. నిజ జీవితంలో కేబుల్ ఊడటం కన్నా ఇలాంటి సగం చావులే ఎక్కువ ఇబ్బంది పెడతాయి, చాలామంది పరీక్షించనిది కూడా ఇదే. ఆ తర్వాత ఒక స్విచ్ కరెంటు తీసేయండి. చివరగా స్టోరేజ్ మేనేజ్‌మెంట్ నుంచి ఒక కంట్రోలర్‌ను రీబూట్ చేయండి. అప్పుడు 50, 10 ప్రయారిటీలు తారుమారు కావడం కళ్ళ ముందే చూస్తారు. కంట్రోలర్ తిరిగి వచ్చాక ఫెయిల్‌బ్యాక్ ఇమ్మీడియట్ అని ఉంటే ట్రాఫిక్ వెంటనే పాత చోటికి వెళ్తుంది. లింక్ పడుతూ లేస్తూ ఉంటే ఆ తొందర మంచిది కాదు, అక్కడ 30 సెకన్ల లాంటి వ్యవధి ఇవ్వొచ్చు.

పరీక్ష పాసయ్యాక మానిటరింగ్‌లో ఒక చెక్ పెట్టండి: ఆ మ్యాప్‌కు పనిచేసే పాత్‌లు నాలుగు కన్నా తగ్గితే అలర్ట్ రావాలి. ఒక దారి పోయినా అప్లికేషన్‌కు ఏమీ తెలియదు, ఎవరూ ఫిర్యాదు చేయరు. నెలల తరబడి ఒక కాలి మీద నడుస్తున్న సర్వర్లు ఎన్నో ఉంటాయి, రెండోది కూడా పోయిన రోజే బయటపడతాయి.

తర్వాత మీకు తప్పకుండా అవసరమయ్యేవి రెండున్నాయి. లన్ సైజు పెంచాలంటే స్టోరేజ్‌లో పెంచి, సెషన్లు రీస్కాన్ చేసి, మల్టీపాత్‌డీలో ఆ మ్యాప్‌ను రీసైజ్ చేసి, ఆ తర్వాత ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రోఎఫ్‌ఎస్. అన్‌మౌంట్ అక్కర్లేదు. మధ్యలో మల్టీపాత్ రీసైజ్ మర్చిపోతే ఫైల్ సిస్టమ్ పెరగదు, ఎందుకో అంతుచిక్కదు.

తీసేయడంలో వరుస ఇంకా ముఖ్యం. ముందు అన్‌మౌంట్, తర్వాత మల్టీపాత్ మ్యాప్ ఫ్లష్, తర్వాత నాలుగు ఎస్‌డీ డివైస్‌లనూ సర్వర్ నుంచి ఒక్కొక్కటిగా డిలీట్, అన్నిటికన్నా చివర స్టోరేజ్‌లో మ్యాపింగ్ తీయడం. స్టోరేజ్ వైపు ముందే తీసేస్తే సర్వర్‌లో నాలుగు చచ్చిన పాత్‌లు మిగిలి, వాటిని తడుముతున్న కమాండ్ ప్రతిదీ ఆగిపోతుంది. మీ రెండో సర్వర్‌లో ఇప్పుడు చేయాల్సింది కూడా సరిగ్గా ఇదే. అక్కడ మల్టీపాత్ ఇంకా లేదు కాబట్టి ఫ్లష్ అవసరం ఉండదు. అన్‌మౌంట్ చేసి, నాలుగు డివైస్‌లూ తీసేసి, అప్పుడు స్టోరేజ్ స్క్రీన్‌లో ఆ హోస్ట్ మ్యాపింగ్ తొలగించండి.